లచ్చి నోరు తెరవని రోజులు

మా లచ్చి బతికింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్ళు చివరిదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పని మేం చేశాం, చాలు.

ఇప్పుడు ఆషాఢం. వాగులు పొంగి భోపాల్‌పట్నం నుంచి బయటికి దారి లేదు, మా దుకాణంలో బేరమూ లేదు. చర్లలో ఉన్న మా చెల్లెలు వానలకు ముందే కబురు పంపింది, "అక్కా, లచ్చికి ఏమైందో తలా ఓ తీరుగ చెప్తున్నరు, నువ్వే రాసి పంపు" అని. దానికి ముగ్గురు చిన్నపిల్లలు. వాళ్ళకూ పళ్ళొస్తాయి, పుచ్చుతాయి. పీకుతామంటే భయపడి ఏడుస్తారు. అప్పుడు అది కూడా నాలాగే ఆలోచిస్తుంది, ఒక కడుపున పుట్టినవాళ్ళం కదా. మా నాన్న బడిపంతులు కాబట్టి మా ఇద్దరికీ అక్షరాలు వచ్చు. అందుకని రాస్తున్నాను. రాస్తే నా మనసు కూడా కొంత కుదుటపడుతుందేమోనని ఆశ. ఇప్పటికైతే పడలేదు.

మాఘం

లచ్చికి ఏడేళ్ళు. షావుకారి ఇంట పుట్టిన పిల్ల, బెల్లం కుండకూ దానికీ నాలుగడుగుల దూరం. కింద కుడివైపు దవడపన్ను పుచ్చింది. మొదట అన్నం ఒకవైపే నమిలేది. తరవాత నమలడమే మానేసింది. పోటు వచ్చినప్పుడల్లా చెంపను చల్లటి గడపకు ఆనించి పడుకునేది.

మా అత్తమ్మ లవంగనూనెలో దూది ముంచి పెట్టింది. వావిలాకు కాచి పుక్కిలించమంది. తగ్గలేదు. మా ఇంట్లో వడ్లు దంచే దొర్ల తెగ మనిషి ముత్తి, "అమ్మా, జర ఇప్పసారా పుక్కిట పట్టియ్యుండ్రి, పోటు సచ్చిపోతది. మా పిల్లలకు గంతే చేస్తం" అంది. అత్తమ్మ చీపురు తీసినంత పని చేసింది.

"మా ఇంట్ల సారా వాసనా? రేపు పెండ్లిసూపులకు వచ్చినోళ్ళు అడుగుతే ఏం చెప్పాలె?" అంది.

ఏడేళ్ళ పిల్ల పంటిపోటుకూ పెళ్ళికీ ముడిపెట్టడం మా అత్తమ్మకే చెల్లింది. అత్త లేని కోడలుత్తమురాలని ఊరికే అన్నారా అనుకున్నాను లోపల. అప్పట్లో ఆమె గురించి నేను అనుకునేవన్నీ ఇలాగే ఉండేవి.

సంతకు పళ్ళు పీకేవాడు ఒకడు గోదావరి అవతలనుంచి వచ్చేవాడు. గుడ్డ పరిచి, అంతవరకు తాను పీకిన పళ్ళన్నీ దానిమీద కుప్పపోసుకుని కూర్చునేవాడు. అదే వాడి పనితనానికి సాక్ష్యం. మా ఆయన జిలేబీ కొనిపెడతానని లచ్చిని సంతకు తీసుకుపోయాడు. జిలేబీ కొనిపెట్టాడు కూడా, ఆ మాట అబద్ధం కాదు. అది తినడం అయ్యాక నలుగురు మనుషులు పట్టుకున్నారు. కాళ్ళు పట్టుకుంది మా ఆయనే. పన్ను సగానికి విరిగింది, వేరు లోపలే ఉండిపోయింది. లచ్చి వాడి వేలు కొరికింది. దాని కేక నాకు వంటింట్లోకి వినిపించింది. ఎవరి పిల్లో పాపం అనుకున్నాను.

ఆ రోజునుంచి లచ్చి నోరు తెరవలేదు. మాట్లాడినా పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడేది. తండ్రి ఎదురైతే రెండు చేతులతో నోరు మూసుకునేది. పుట్టిన దగ్గరనుంచి నాయనమ్మ పక్కలో పడుకుని, నాయనమ్మ చేతి ముద్దే తిన్న పిల్ల, ఆమె దగ్గరికీ పోవడం మానేసింది. జిలేబీకి పో బిడ్డా అని గౌను తొడిగి పంపింది నాయనమ్మే కదా. నా చేతికి మాత్రం తెరిచేది, అదీ చెంచా పట్టేంత. పొద్దుటినుంచి సాయంత్రం దాకా జావ కాచి, చల్లార్చి, చెంచాతో పోసేదాన్ని.

నిజం రాద్దామని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. నాకు గర్వంగా ఉండేది. ఏడేళ్ళకు నా కూతురు నాదైంది అనిపించింది.

ఫాల్గుణం

విరిగిన వేరు కింద చీము పట్టింది. చెంప ఉబ్బి చర్మం నున్నగా మెరిసింది, వాపు దవడ దాటి మెడకు దిగింది. ఒళ్ళు కాలిపోయేది. ఎంగిలి మింగాలన్నా మెడ సాచేది.

"జగదల్‌పూర్ పోదం. ఆడ పెద్దాసుపత్రి ఉన్నది" అన్నాడు మా ఆయన.

"పోతే? ఇది నోరు తెరుస్తదా?"

"డాక్టరు చూసుకుంటడు తీ."

"సంతల మీరు చూసుకున్నట్లేనా?" అన్నాను.

ఆయన తలవంచుకుని దుకాణంలోకి పోయాడు. ఆ నెలంతా నేను అలాంటి మాటలు రోజుకొకటి అన్నాను. అన్నప్పుడల్లా నాకు కొంచెం హాయిగా ఉండేది.

చింతపండు గోనెలు వేసుకుపోయే లారీలో చోటు దొరికింది. అత్తమ్మ కూడా వస్తానంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, లారీ ఎక్కాలంటే ఇద్దరు లేపాలి. "ఈ కుదుపులకు మీరెందుకత్తమ్మా" అంటే, "పిల్ల కండ్లు తెరిచేసరికి ఎదురుంగ నేను లేకుంటే ఎట్ల" అంది. కండ్లు తెరిచేసరికి నేనుంటాను కదా అనుకున్నాను, అనలేదు. ఆమె నడుముకు ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది. అందులో వక్కలు, సున్నపుకాయ, నల్లమందు బరిణె. మోకాళ్ళకని పొద్దునా సాయంత్రం మిరియపుగింజలో సగమంత మింగేది.

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు కానీ, ఈ కాగితం ఎంత దూరం పోతుందో తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్ళల్లో ఆముదం సీసా లేని ఇల్లు ఉండదు, నల్లమందు లేని ఇల్లూ ఉండదు. దాన్ని ఎవరూ విషమనుకోరు, సరిగ్గా చెప్పాలంటే మందని కూడా అనుకోరు. పసిపిల్ల ఉన్న తల్లి పనికి పోవాలంటే ఆవగింజలో సగం పాలలో రంగరించి నాకిస్తుంది. పిల్ల సాయంత్రం దాకా నిద్రపోతుంది. లచ్చి రెండేళ్ళ దాకా అలాగే పెరిగింది, నేనూ అలాగే పెరిగాను. పెరగనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళను ఏదో గాలి సోకిందంటారు.

లారీలో రెండు రోజులు. గోనెల మీద, నా ఒళ్ళో లచ్చి. చింతపండు వాసనకు దాని నోట్లో నీళ్ళూరేవి, ఊరినప్పుడల్లా పోటు. అది మూతికి తువ్వాలు కట్టుకుని కళ్ళు మూసుకుంది. మా ఆయన లారీ వెనక అంచున కూర్చుని దారి వెనక్కి పోవడమే చూస్తూ ఉన్నాడు. రెండు రోజుల్లో మేం మాట్లాడుకున్నవి పది మాటలుండవు.

జగదల్‌పూర్, మొదటి రోజు

ఆసుపత్రి వరండాలో పొద్దెక్కేదాకా కూర్చున్నాం. మా పక్కన ఎలుగుబంటి గీరిన మొహంతో ఒక మనిషి కూర్చుని, తలకు కట్టుతోనే బీడీ కాలుస్తున్నాడు. ఆయన భార్య మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది. అక్కడి ఆయా పేరు సోమారి. సోమవారం పుట్టిందట. మన భాషలో ఆ పేరుకు ఏం అర్థమొస్తుందో తెలిస్తే తిట్టేదేమో గానీ, ఆ ఆసుపత్రిలో ఆమెకంటే పనిమంతురాలిని నేను చూడలేదు. అడక్కుండానే విసనకర్ర తెచ్చి నా చేతికిచ్చింది. లచ్చి తల నిమిరి హల్బీలో ఏదో అంది. ఆ భాష నాకు సగమే వచ్చు. ఆ సగంలో చిలక అనే మాట ఉంది.

డాక్టరు సాబు నాగపూర్ వైపు మనిషి, నడివయసు. లచ్చి ఆయన పళ్ళెంలోని ఇనుప సామాను చూసింది. ఒక్క తన్ను తన్నింది. సామానంతా గదినిండా దొర్లింది. మా ఆయన చెయ్యెత్తాడు. డాక్టరు వద్దన్నాడు. సామాను ఏరించి, పళ్ళెం బయటికి పంపించి, తాను పిల్లకు దూరంగా బల్ల మీద కూర్చుని, దానివైపు చూడకుండా నాతో మాట్లాడాడు. నాకు బజారు హిందీ వచ్చు, ఆయన నిదానంగా చెప్పాడు.

చిగుళ్ళు మొద్దుబారడానికి సూది ఉంది, కానీ సూది వేయాలంటే నోరు తెరవాలి కదా అన్నాడు. తాగడానికి నిద్రమందు ఉంది, కానీ ఇంత భయానికి అది చాలదు, పిల్ల మింగలేకపోతోంది కూడా. పెద్ద పట్నాల్లో ఒక గాలి ఉందట, ముక్కుకు పట్టిస్తే పిల్లలు భయం మరిచిపోయి హాయిగా కూర్చుంటారట. అది ఇక్కడ లేదు, అక్కడికి పోయేదాకా ఈ మెడ వాపు ఆగదు. మనుషులతో పట్టించి పీకడం తన వల్ల కాదన్నాడు. "అది ఒకసారి చేశారు కదా, ఏమైందో చూస్తున్నాంగా" అన్నాడు. మిగిలింది క్లోరోఫాం.

"దాంతోని ప్రమాదమా?" అని అడిగాడు మా ఆయన.

ఉందన్నాడు డాక్టరు. లేదని చెప్పనందుకు ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. సన్నటి పొలం గట్టు మీద పిల్లను చెయ్యిపట్టి నడిపించడం లాంటిది, పక్కనుంచి ఇంకెవరూ నెట్టకపోతే నడిపిస్తాను అన్నాడు. రేపు పొద్దున చేద్దాం, అప్పటిదాకా నోట్లోకి ఏదీ పోకూడదు, నీళ్ళు కూడా. ఇంకో మాట చెప్పాడు. ఏడుస్తూ బల్ల ఎక్కితే ఎక్కిళ్ళతో మందు ఎక్కువెక్కువగా లోపలికి పోతుంది, అది మంచిది కాదు. నువ్వు తల్లివి, ఎలాగైనా నిమ్మళంగా తీసుకురా.

మిగతా మాటలకన్నా ఆ చివరి మాటే నా చెవిలో ఉండిపోయింది.

రెండో రోజు

ధర్మశాల గదిలో తెల్లవారుతూనే లచ్చి లేచింది. మా ఆయన బావి దగ్గరికి పోయాడు. అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"పట్టుకుంటరా అమ్మా?" అంది లచ్చి.

"ఎవ్వరు పట్టుకోరు బిడ్డా."

"సంతల కూడ ఎవ్వరు పట్టుకోరన్నరు."

అని ఏడుపు మొదలుపెట్టింది. నోరు తెరవకుండా, ముక్కుతో ఏడ్చింది. అలా ఏడ్చే పిల్లను మీరెవరూ చూడకూడదు. ఈ ఏడుపుతో బల్ల ఎక్కితే మంచిది కాదని డాక్టరు చెప్పాడు. నిమ్మళంగా తీసుకురమ్మన్నాడు. పిల్లను నిమ్మళం చేయడం మా ఊళ్ళో ఏ తల్లికి తెలియదు?

అత్తమ్మ తలాపున సంచి ఉంది. బరిణె తీశాను. రెండేళ్ళ పిల్లకు ఆవగింజలో సగం కదా, ఏడేళ్ళ పిల్లకు పెసరగింజంత అనుకున్నాను. ఆ కొలత ఎవరినీ అడగలేదు. తేనెలో రంగరించి వేలికి రాసుకున్నాను.

"ఏందమ్మా అది?"

"తేనె బిడ్డా. జర నాకు, గొంతు సల్లబడతది."

నా వేలు కాబట్టి నోరు తెరిచింది. నాకి మొహం చిట్లించింది. "చేదున్నది" అంది. "అడివి తేనె అట్లనే ఉంటది" అన్నాను. ఇంకోసారి తెరిచింది.

ఆసుపత్రికి పోయేసరికి లచ్చి తండ్రి భుజం మీద నిద్రపోతోంది. నెలరోజుల తర్వాత అది ఆయన్ని తాకనిచ్చింది. ఆయన మొహం విప్పారింది. "సూసినవా, నా మీద కోపం పోయింది" అన్నాడు. నేను అవునన్నాను.

డాక్టరు పిల్లను చూసి మెచ్చుకున్నాడు. తరవాత నన్ను అడిగాడు. ఏమైనా పెట్టారా? పాలు, నీళ్ళు, మందు, మాకు, ఏదైనా?

ఆయన అంత విడమర్చి అడిగాడు. నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు.

"ఏం పెట్టలేదు" అన్నాను.

ఎందుకలా అన్నావని నన్ను నేను చాలాసార్లు అడిగాను. పెట్టానంటే ఇవాళ కాదు పొమ్మంటాడని, ఆ లోపల వాపు గొంతుకు పడుతుందని భయం ఒకటి. అది చెప్పుకోదగ్గ కారణం. చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. జిలేబీ పేరు చెప్పి పిల్లను మోసం చేశారని నెలరోజులుగా ఆయన్ని దెప్పుతున్నాను. తేనె పేరు చెప్పి నేను చేసిందేమిటో ఆయన ముందర ఏ మొహంతో చెప్పను?

తలుపు మూశారు. తియ్యటి వాసన ఒకటి బయటికి వచ్చింది. కొంతసేపటికి సోమారి వచ్చి దూదిలో పంటి వేళ్ళు చూపించింది. రెండూ వడ్లగింజలంత ఉన్నాయి. ఇంటిల్లిపాదినీ ఇంత దూరం లాక్కొచ్చింది ఇవేనా అనుకున్నాను. మా ఆయన సోమారికి దండం పెట్టాడు. అత్తమ్మ పెట్టలేదు. మూసిన తలుపునే చూస్తోంది.

పిల్ల ఇంకాసేపట్లో లేస్తుందన్నారు. లేవలేదు. ఎండ వరండా మెట్ల మీదికి వచ్చింది, మెట్లు దాటి లోపలికి వచ్చింది. లోపల అడుగుల చప్పుడు ఎక్కువైంది. డాక్టరు బయటికి వచ్చాడు. మొహం చూస్తే నిన్నటి మనిషిలా లేడు.

పిల్ల కనుపాపలు సూదిమొనంత అయ్యాయి, ఊపిరి మరీ నెమ్మదిగా ఆడుతోంది, ఇది క్లోరోఫాం పని ఒక్కటే కాదు, అఫీము, అంటే నల్లమందు, ఎవరిచ్చారు అని అడిగాడు. ఇచ్చి ఉంటే ఒక వైద్యం, ఇవ్వకపోతే ఇంకో వైద్యం, చప్పున చెప్పండి అన్నాడు.

నాకు ఆయన పెదవులు కదలడం కనిపిస్తోంది. నా కాళ్ళకు చెప్పులు లేవని అప్పుడు గమనించాను. ఎక్కడ విడిచానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. భయం వేసిందని రాస్తే బాగుంటుంది, కానీ వేయలేదు. ఏమీ వేయలేదు. ఒళ్ళంతా ఎవరిదో అయినట్టుంది, నోరు కూడా.

"నేనిచ్చిన సాబ్" అంది అత్తమ్మ.

గోడ పట్టుకుని లేచి నిలబడింది. మా ఆయన ఆమెవైపు తిరిగాడు.

ఎంత అన్నాడు డాక్టరు. అత్తమ్మకు తెలియదు కదా. ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా పిల్ల ప్రాణం. ఆమె నావైపు చూసింది. అప్పటికైనా నేను చెప్పి ఉండాల్సింది.

"పెసరగింజంత. తేనెల" అన్నాను.

"నీకెట్ల తెలుసే?" అన్నాడు మా ఆయన.

"సూసిన" అన్నాను. "పొద్దున అత్తమ్మ పెడుతుంటె సూసిన."

అత్తమ్మ కూర్చుంది. డాక్టరు లోపలికి పరుగెత్తాడు.

లోపల ఏం చేశారో కిటికీలోంచి కొంత కనపడింది. గొట్టంతో కడుపు కడిగారు. చేతులు పైకెత్తి దించారు, ఎత్తి దించారు. సోమారి తడిగుడ్డతో అరికాళ్ళ మీద కొట్టింది. తరవాత చిక్కటి కాఫీ పోసి, ఇద్దరు రెండు రెక్కలు పట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించారు. కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోయేవి. ఎవ్వరు పట్టుకోరు బిడ్డా అని పొద్దున దానికి మాటిచ్చాను.

మా ఆయన వరండా స్తంభానికి తల ఆనించి నిలబడ్డాడు. అత్తమ్మ దగ్గర ఎవరూ లేరు. ఎలుగుబంటి గీరిన మనిషి భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుని, భాష రాకపోయినా, చెయ్యి పట్టుకుంది. ఆ పని నేను చేయాల్సింది.

పొద్దు వాలేవేళకు లచ్చి వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచింది. "అమ్మా, దూపయితున్నది" అంది. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. నీళ్ళు ఎక్కడున్నాయని సోమారిని అడిగాను.

చైత్రం, వైశాఖం

తిరుగుదారిలో ఒక వాగు దగ్గర లారీ ఆగినప్పుడు మా ఆయన వాళ్ళమ్మ సంచి తీసుకుని బరిణె నీళ్ళలోకి విసిరేశాడు. "ఇగ పిల్లకు నువ్వేం పెట్టకు. నీ చేతి నీళ్ళు కూడ తాగొద్దది" అన్నాడు. ఆమె సరేనంది.

ముప్ఫై ఏళ్ళుగా మింగుతున్నది ఒక్కరోజులో మానేస్తే మనిషి ఏమవుతుందో అప్పుడు చూశాను. ముక్కు కారేది, ఆవులింతలు ఆగేవి కావు, ఎండాకాలంలో వణికేది. కడుపు కట్టుబడక దొడ్లోకి పాక్కుంటూ పోయేది. తరవాత మోకాళ్ళు. నీళ్ళు కాచి ఇచ్చాను, గుడ్డలు ఉతికాను. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి, "అంత చేసినా అత్తకు ఎంత చాకిరి చేస్తున్నదో, కోడలంటే గట్లుండాలె" అన్నారు. ఉతికిన గుడ్డలు ఆరేస్తూ ఆ మాట విన్నాను.

లచ్చికి వాపు పోయింది, జ్వరం పోయింది. పకపకా నవ్వేది, అన్నం రెండువైపులా నమిలేది. నా పక్కలో పడుకునేది, నా చేతి ముద్ద తినేది. మాఘంలో నేను కోరుకున్నవన్నీ నాకు వచ్చాయి. వాటితో ఏం చేసుకోవాలో తెలియలేదు. పొద్దున లేవడం, వండటం, కడగడం. నెలన్నర అలా గడిచింది, ఒక్కరోజు కూడా విడిగా గుర్తులేదు.

జ్యేష్ఠం

ముత్తి తాటిముంజలు తెచ్చింది. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఒక ముంజ ఒలిచి, పక్కనుంచి పోతున్న లచ్చికి చాచింది. అలవాటుగా చాచింది పాపం, మరిచిపోయి. లచ్చి ఆగింది. తండ్రివైపు చూసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

అత్తమ్మ చెయ్యి అలాగే ఉంది, నీళ్ళు మణికట్టు మీదుగా కారుతున్నాయి.

"ఆమె పెట్టలేదు" అన్నాను. "నల్లమందు పెట్టింది నేను."

మా ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. బరిణె, తేనె, పెసరగింజ, డాక్టరుకు చెప్పిన అబద్ధం, ఆయనకు చెప్పిన అబద్ధం, అన్నీ. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడనీ అనుకున్నాను. ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అరుగు దగ్గరికి పోయి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "చెప్పొద్దా అమ్మా? నాతోనన్న చెప్పొద్దా?" అన్నాడు.

అత్తమ్మ ఆయన్ని చూడలేదు. నా మీద మండిపడింది.

"ఏమే, నీకు బుద్ధున్నదా? నా నెత్తిన ఏసుకున్నదాన్ని నువ్వెందుకు దింపినవ్?"

"మీరెందుకేసుకున్నరు అత్తమ్మా? ఆ పొద్దు మీరు సూసిన్రు గదా?"

"సూసిన. బరిణె సప్పుడుకే ఇటు తిరిగిన. నేనూ మంచిదే అనుకున్న, అందుకే ఊకున్న. అందుల నా తప్పు లేదా?" కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "డాక్టరు అడిగినప్పుడు నువ్వు బిగుసుకపోయినవ్. ఎవరో ఒకరు చెప్పకుంటే పిల్ల పోతుండె. ఇగ నా పేరు ఎందుకంటవా? తండ్రి దగ్గర అది నోరు తెరవది. నా దగ్గర తెరవది. నీ ఒక్కదాని చేతికే తెరుస్తుండె. నీ మీద కూడ నమ్మకం పోతే అది ఎవరి చేతి కూడు తిని బతకాలె? నేను ముసల్దాన్ని, నాకు తెరవకుంటే ఏమాయె."

అప్పుడు ఏడ్చాను. ఫాల్గుణంలో రానిదంతా అప్పుడు వచ్చింది. అత్తమ్మ ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది.

లచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, అన్నీ వింది. "తేనె అన్నవ్ గదా" అంది. అంతే అంది.

ఇప్పుడు

మా ఆయన పొద్దునా సాయంత్రం ఇసుక వేయించి మూటకట్టి వాళ్ళమ్మ మోకాళ్ళకు కాపడం పెడుతున్నాడు. నాతో అవసరానికి మాట్లాడతాడు. లచ్చి మళ్ళీ నాయనమ్మ పక్కలో పడుకుంటోంది. ఆమె చేతి ముద్ద తింటోంది. నా చేతికి నోరు తెరవదు. అలకా కాదు, కోపమూ కాదు. అత్తమ్మ సరిగ్గానే చెప్పింది, ఏం పోతుందో ఆమెకు ముందే తెలుసు. అయినా చెప్పినందుకు నేను బాధపడటం లేదు.

చెల్లీ, నీకు చెప్పదలచింది ఇంతే. పిల్ల భయపడుతుంటే భయం పోగొట్టే దారులు డాక్టరు దగ్గర ఉన్నాయి, మందులకు ప్రమాదమున్నా కొలత తెలిసిన చేతిలో ఉన్నాయి. మన ఇంటి బరిణెను దాంట్లో కలపకు. కలిపితే, అడిగినప్పుడు చెప్పు. మొగుడు పక్కనున్నా, అత్త పక్కనున్నా చెప్పు. పిల్లకు మాత్రం చేదును తేనె అని ఎప్పుడూ పెట్టకు. చేదే అని చెప్పి పెట్టు, అది ఏడిస్తే ఏడవనీ.

నిన్న అత్తమ్మకు జ్వరం తగిలి లేవలేదు. మధ్యాహ్నం నేనే అన్నం, పప్పు కలిపి లచ్చి ముందు కంచం పెట్టాను. అది కంచాన్ని చూసింది, నన్ను చూసింది.

"ముందుగాల నువ్వు తిను" అంది.

ఒక ముద్ద తిన్నాను. నేను నమిలి మింగేదాకా నా నోటివైపే చూసింది. మింగాక ఇంకాసేపు చూసింది. తరవాత కంచం తనవైపు లాక్కుని, తన చేత్తో తానే తింది.